నోస్కె ఇంటి దక్షిణపు గోడ

లిండెన్‌బాక్‌లో ఇళ్లన్నీ రోడ్డుకు ఒక పక్కనే ఉంటాయి. రెండో పక్కన గోధుమ చేలు. ప్రతి ఇంటి వెనకా ఒక పొడవాటి స్థలం ఉంటుంది. అది ఇంటి వెడల్పుతో మొదలై, అదే వెడల్పుతో అర కిలోమీటరు దాకా వెనక్కి పోయి వాగు గట్టున ఆగుతుంది. కొండ మీద నిలబడి చూస్తే ఊరు దువ్వెనలా కనిపిస్తుంది. అడిలైడ్ నుంచి ఈశాన్యంగా కారులో గంటన్నర దూరం. ద్రాక్షతోటలు అయిపోయి గొర్రెల బీళ్లు మొదలయ్యే చోట ఉంది. ఆస్ట్రేలియాలో మామూలుగా ఊళ్లు ఇలా ఉండవు. ఈ నమూనా జర్మనీది.

ఓడర్ నదికి పడమటి వైపు, ఇసుక నేలల్లో, పైన్ అడవుల మధ్య ఇదే పేరుతో ఇంకో ఊరుంది. దాన్ని ఇక్కడివాళ్లు పాత లిండెన్‌బాక్ అంటారు. అక్కడి వాగు ఏడాది పొడవునా పారుతుంది. రెండు గట్లనా లిండెన్ చెట్లు. ప్రతి కుటుంబానికీ కాస్త రోడ్డు, కాస్త పొలం, కాస్త నీరు దక్కాలని పూర్వులు నేలను ఇలా పీలికలుగా కోసుకున్నారు. పద్దెనిమిది వందల నలభైల్లో, రాజుగారు మార్చిన ప్రార్థన పద్ధతి తమకు వద్దని మొండికేసిన కొన్ని లూథరన్ కుటుంబాలు ఓడెక్కి దక్షిణ ఆస్ట్రేలియాకు వచ్చాయి. కొత్త నేల మీద కూడా పాత కొలతలే వేశాయి. ఇక్కడి వాగులో సగం ఏడాది నీళ్లుండవని మరుసటి వేసవికి గాని తెలియలేదు. గట్టున నాటిన లిండెన్ మొక్కలు ఒక్కటీ బతకలేదు. ఇప్పుడక్కడ ఉన్నవి యూకలిప్టస్ చెట్లే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊరి పేరు కూడా పోయింది. ఒక ఇంగ్లీషు సేనాని పేరు పెట్టారు. మళ్లీ పాత పేరు రావడానికి రెండు తరాలు పట్టింది.

మొదట వచ్చినవాళ్లు కట్టుకున్నవి చెక్క చట్రం ఇళ్లు. నిలువు దూలాలు, అడ్డ దూలాలు, ఏటవాలు దూలాలు. వాటి మధ్య ఖాళీల్లో గడ్డి చుట్టిన కర్రలు, మట్టి, పైన సున్నం. చెదలకు, మంటలకు, తర్వాత వచ్చిన రాతి ఇళ్ల మోజుకు ఒక్కటొక్కటే పోయి, ఇప్పుడు ఒకటే మిగిలింది. దాన్ని నోస్కె ఇల్లు అంటారు. పాత లిండెన్‌బాక్‌లో అది కూడా లేదు. రెండో ప్రపంచ యుద్ధం చివరి వసంతంలో సైన్యాలు ఊరి మీదుగా నడిచి పోయాయి. ఆ తర్వాత అక్కడ కట్టినవన్నీ ఇటుక ఇళ్లు.

ఆ ఒక్క ఇంటి గోడను ఉదయశ్రీ పడగొట్టింది.

ఆమెకు నలభై మూడేళ్లు. విజయవాడ సత్యనారాయణపురంలో, మూడో అంతస్తు ఫ్లాట్‌లో పుట్టి పెరిగింది. ఎమ్‌కామ్ చదివింది. అడిలైడ్‌లోని ఒక సంస్థకు ఇంట్లోనే కూర్చుని జీతాల లెక్కలు చూస్తుంది. భర్త భానుప్రసాద్ ఒక వైన్ కంపెనీలో కంప్యూటర్లు చూసుకుంటాడు. పన్నెండేళ్ల కూతురు శ్రీదివ్య తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో జవాబు చెబుతుంది. ఈ దేశానికి వచ్చినప్పటి నుంచి వాళ్లు మారిన అద్దె ఇళ్లు చాలానే. ప్రతి ఇంట్లోనూ గోడకు మేకు కొట్టకూడదు, మూడు నెలలకోసారి ఏజెంటు వచ్చి బాత్‌రూమ్ మూలలు ఫోటోలు తీసుకుపోతాడు.

నోస్కె ఇల్లు ఊరి వారసత్వ సంఘానిది. మనుషులు కాపురం లేని ఇల్లు తొందరగా పాడవుతుందని, ఉండటానికి ఒక కుటుంబం కావాలని సంఘం ప్రకటన ఇచ్చింది. మొదటి ఏడాది పరీక్ష. అక్టోబరులో సంఘం సమావేశమై సరేననుకుంటే పదేళ్ల లీజు. అడిగినవాళ్లు ఇంకా ఉన్నారు గాని, ఊరి బడిలో పిల్లలు తగ్గిపోతున్నారు. శ్రీదివ్య వస్తే ఒకరు పెరుగుతారు. అలా ఇల్లు వీళ్లకు వచ్చింది.

ఫిబ్రవరిలో, గృహప్రవేశానికి ముందు రోజు, ఉదయశ్రీ ఇల్లు కడిగింది. అది ఎవరూ నేర్పే విషయం కాదు. ఫ్లాట్‌లో పండక్కి ముందు వాళ్లమ్మ బకెట్ల కొద్దీ నీళ్లు పోసి, చీపురుతో గది గదీ తోసుకుంటూ వచ్చి, బాల్కనీ మూలనున్న తూములోకి పంపేది. కూతురు కూడా అదే చేసింది. పెరట్లోని హోస్ పైపు కిటికీలోంచి లోపలికి లాగి, గోడల మీది సాలెగూళ్లు, దుమ్ము పోయేదాకా నీళ్లు కొట్టింది. తర్వాత పలకరాళ్ల నేల. నీళ్లు పోవడానికి తూము ఎక్కడుందా అని చూసింది. దక్షిణపు గోడ మొదట్లో, నేలకూ గోడకూ మధ్య వేలు దూరేంత సందు కనిపించింది. అందులోకి తోసింది. ఎన్ని నీళ్లు తోసినా గోడ తాగేసింది. పాతకాలం జర్మన్లు కూడా తూము పెట్టుకున్నారే అని ముచ్చటపడింది.

మర్నాడు పాలు పొంగించారు. పొంగు తూర్పు వైపుకే పొర్లిందని వీడియో కాల్‌లో వాళ్లమ్మ సంతోషించింది.

వారం తిరక్కుండానే ఒక పొద్దున దక్షిణపు గోడకు నడుం దగ్గర పొట్ట వచ్చింది. మధ్యాహ్నం ఆమె ఆఫీసు మీటింగులో ఉండగా గోడ జారింది. పెద్ద చప్పుడేం కాలేదు. తడి బస్తా దించినట్టు ధబ్బుమంది. ఆమె కెమెరా ఆపి భర్తకు ఫోన్ చేసింది.

"ఏవండీ, గోడ పడిపోయింది."

"ఏ గోడ?"

"మనదే. సౌత్‌ది."

"పడిపోవడమంటే? క్రాక్ వచ్చిందా?"

"హాల్లో కూర్చుంటే నిమ్మచెట్టు కనిపిస్తోంది."

"నీకేం కాలేదుగా?"

"నాకేం కాలేదు. దూలాలు కూడా అలాగే ఉన్నాయి. మధ్యలోదే లేదు."

సంఘం అధ్యక్షుడు క్లైవ్ పోల్‌మన్ సాయంత్రం వచ్చాడు. ట్రాక్టర్ల వ్యాపారం చేసి రిటైరైన మనిషి. కూలిన మట్టికుప్ప చుట్టూ ఒకసారి తిరిగాడు. గోడ ఎలా పడిందో చెప్పడానికి భానుప్రసాద్ నేలలో తేమ గురించి ఏదో మొదలుపెట్టబోతే ఉదయశ్రీ ఆపింది.

"నేనే కడిగాను," అంది ఇంగ్లీషులో. "హోస్‌తో. లోపలి నుంచి."

క్లైవ్ నమ్మలేనట్టు చూశాడు. "మట్టి ఇంటినా?"

"మట్టిదని తెలియదు. తెల్లగా ఉంది."

"మీ దేశంలో మట్టి ఇళ్లు ఉంటాయి కదా?"

"నాకు తెలిసిన ఇళ్లలో లిఫ్ట్ ఉంటుంది."

క్లైవ్ నవ్వలేదు. అక్టోబరులో పాత లిండెన్‌బాక్ నుంచి మేయరు, మరికొందరు వస్తున్నారు. ఇన్ని తరాల్లో అక్కడి నుంచి ఒక బృందం రావడం ఇదే మొదటిసారి. వాళ్లు ముఖ్యంగా చూడాలనుకుంటున్నది ఈ ఇంటినే. పాత గోడలు బాగుచేసే నిపుణుడు అడిలైడ్‌లో ఒకడున్నాడు గాని, వచ్చే ఏడాది దాకా అతనికి తీరిక లేదు. సిమెంటు రేకులు బిగించి తెల్ల పెయింటు కొట్టేస్తే దూరం నుంచి తేడా తెలియదని క్లైవ్ ఆలోచన. అక్టోబరు నాటికి గోడ లేకపోతే లీజు సంగతి తను చెప్పలేనని కూడా అన్నాడు.

"పడగొట్టింది నేను," అంది ఉదయశ్రీ. "మళ్లీ మట్టితోనే కడతాను. తర్వాత ఉంచినా, పొమ్మన్నా మీ ఇష్టం."

ఆ మాట అన్నప్పుడు ఆమెకు మట్టి గురించి ఏమీ తెలియదు. దీన్ని ఆమె ఇప్పటికీ దాచుకోదు.

మర్నాడు పక్క రాతి ఇంట్లోంచి హిల్డా నోస్కె చేతికర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఎనభై ఆరేళ్లు. ఈ ఇంటి వెనక గదిలోనే పుట్టింది. మట్టికుప్పలోంచి ఒక గడ్డి పరక లాగి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"మా ముత్తాతల నాటి గడ్డి. చూడు, ఇంకా పసుప్పచ్చగానే ఉంది."

"సారీ ఆంటీ. నా వల్లే…"

"నేనెవరికీ ఆంటీని కాదు. నా పేరు హిల్డా."

"మావైపు పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవం."

"అయితే పిలవకు. వెళ్లి మట్టి తీసుకురా."

హిల్డాకు అన్నీ తెలిసే ఉంటాయని ఉదయశ్రీ అనుకుంది. తెలియవు. చిన్నప్పుడు, ఎండలు తగ్గాక, అన్నలతో కలిసి మట్టి తొక్కింది. అంతవరకే జ్ఞాపకం. మట్టి ఎంత, ఇసుక ఎంత, గడ్డి ఎంత అని అడిగితే, "నాకప్పుడు ఆరేళ్లు. కాళ్లకే గుర్తుంది," అంది. మట్టి వేళ్ల సందుల్లోంచి పైకి వచ్చేటప్పుడు ఒక చప్పుడు రావాలట. ఆ చప్పుడు ఎలా ఉంటుందంటే నోటితో చేసి చూపించబోయింది. పళ్ల సెట్టు అడ్డం వచ్చింది.

ఉదయశ్రీ నేర్చుకున్నదంతా చెడగొట్టి నేర్చుకున్నదే. వాగు గట్టు మట్టి ఉత్తదే తెచ్చి మెత్తితే ఎండాక బీటలు వారింది. ఇసుక ఎక్కువ కలిపితే రాలిపోయింది. గడ్డి మోపులు కొని తెచ్చింది. ఈ కాలం కోత యంత్రం గడ్డిని తుంపులు తుంపులు చేస్తుంది కాబట్టి అది కర్రకు చుట్టుకోలేదు. ఊరి చివర గుర్రాలు పెంచే రైతు ఒకాయన పాత యంత్రంతో గోధుమను నిలువునా కోస్తాడని తెలిసి, వెళ్లి పొడవాటి గడ్డి అడిగి తెచ్చుకుంది. పొద్దున ఆఫీసు మొదలయ్యే ముందు ఒక పలక ఆరబెట్టడం, సాయంత్రం దాన్ని విరిచి చూడటం. మీటింగుల్లో గోళ్లు కనిపించకుండా చేతులు బల్ల కిందే ఉంచుకునేది.

ఒక ఆదివారం అడిలైడ్ నుంచి స్నేహితులు వచ్చారు. బార్బెక్యూ అని ఉదయశ్రీయే పిలిచింది. శ్రీకర్, అతని భార్య వైశాలి, ఉదయశ్రీతో పనిచేసే రంజన. రంజనది ఫిజీలోని లంబాసా. వాళ్ల పూర్వులు తెలుగువాళ్లు. ఆజీ అని పిలిచే అవ్వ దగ్గర విన్నంత తెలుగు ఆమెకు వచ్చు. పెరట్లో పొయ్యికి బదులు టార్పాలిన్ మీద పోసిన మట్టి కనిపించింది.

"వదినా, ఫోన్లో బార్బెక్యూ అన్నావు," అన్నాడు శ్రీకర్.

"బార్బెక్యూనే. ముందు తొక్కండి, తర్వాత తినండి."

"ఎమ్‌కామ్ చదివింది దీనికా?"

"నువ్వు ఎమ్‌టెక్ చదివి యు ఆర్ ఆన్ మ్యూట్ అనడం తప్ప ఏం చేస్తున్నావు? షూస్ విప్పు."

"చలిగా ఉంది వదినా."

"తొక్కితే వేడెక్కుద్ది."

వైశాలి అప్పటికే జీన్స్ మడిచి దిగింది. రంజన కూడా దిగింది. ఆమెను చూసి హిల్డా ఆశపడి, మీ దీవుల్లో మట్టి పని ఉండేదా అని అడిగింది.

రంజన ఉదయశ్రీ వైపు తిరిగి తెలుగులో చెప్పింది. "మా ఆజీ ఇల్లు మట్టి నేల. కానీ నేను తొక్కలే. ఆజీ తొక్కేది, నేను చూసేది. అప్పుడు నాకు అసహ్యం."

అది ఇంగ్లీషులో విన్నాక హిల్డా చాలాసేపు నవ్వింది. తర్వాత కుర్చీలో కూర్చుని, టోపీ సవరించుకుని, కళ్లు మూసుకుంది. శ్రీకర్ కూడా దిగాక ముగ్గురూ తొక్కుతున్నారు. శ్రీకర్ తన వెన్నునొప్పి గురించి మాట్లాడుతున్నాడు. ఉదయశ్రీ మధ్య మధ్య ఇసుక చల్లుతోంది, గడ్డి వేస్తోంది. ఒకచోట మట్టి వేళ్ల మధ్య కిచుకిచుమంది. హిల్డా చేతికర్ర ఎత్తింది.

"ఆగండి. అదీ. ఇప్పుడు వచ్చిందే, అది."

శ్రీకర్ ఒక కాలు ఎత్తి అలాగే నిలబడిపోయాడు. ఆ రోజు మాంసం పొయ్యి మీదికి ఎక్కేసరికి సాయంత్రమైంది.

కర్రలకు గడ్డి చుట్టడం మాత్రం ఉదయశ్రీకి తొందరగా పట్టుబడింది. మట్టినీళ్లలో ముంచిన గడ్డిని పాయలుగా తీసి కర్ర చుట్టూ అల్లుకుంటూ పోవాలి. రోజూ పొద్దున బడికి ముందు కూతురికి ఆమె చేసే పనే.

"మమ్, దట్స్ మై స్కూల్ హెయిర్," అంది శ్రీదివ్య, బడికి పోతూ.

హిల్డాకు ఆ అల్లిక నచ్చలేదు. బిగువు ఎక్కువైందట, మట్టికి పట్టు దొరకదట. అల్లినవన్నీ విప్పించింది. మళ్లీ అల్లాక దూలాల గాడుల్లో ఒక్కో కర్రా అడ్డంగా దిగేసి, రెండు వైపులా మట్టి కొట్టారు. వానలు గట్టిపడే ముందు, మే నెలాఖరుకు గోడ లేచింది.

అప్పుడు ఇంకో సంగతి బయటపడింది. దక్షిణపు గోడ కాబట్టి ఎండ బాగా తగిలి త్వరగా ఆరుతుందని భార్యాభర్తలిద్దరూ లెక్క వేసుకున్నారు. విజయవాడలో అయితే అంతే. ఈ దేశంలో శీతాకాలమంతా సూర్యుడు ఉత్తరం వైపు నుంచే పోతాడు. ఇన్నేళ్లుగా ఇక్కడ ఉంటున్నా, బట్టలు ఎటు ఆరేయాలో తెలిసినా, గోడ విషయంలో అది తట్టలేదు. ఈ ఇల్లు కట్టినవాళ్లకు కూడా తట్టలేదని అప్పుడే గమనించారు. పెద్ద కిటికీలు రెండూ దక్షిణానికే ఉన్నాయి. జర్మనీలో వెచ్చదనం వచ్చేది ఆ వైపు నుంచి. ఈ ఇంట్లో తరతరాల నోస్కెలు ఆ కిటికీల దగ్గర చలికి వణికారు.

"మా అమ్మ ఆ కిటికీలకు కంబళ్లు కట్టేది," అంది హిల్డా. "కిటికీ తప్పు వైపు ఉందని మాత్రం ఒప్పుకునేది కాదు."

జులైలో గోడకు మొలకలు వచ్చాయి. గడ్డిలో మిగిలిన గోధుమ గింజలు తడికి లేచి, గోడ నిండా పచ్చగా పొడుచుకు వచ్చాయి. భానుప్రసాద్ ఆఫీసుకు పోతూ చూసి ఆగాడు.

"ఉదయా, నీ గోడకు గడ్డం వచ్చింది."

ఆమెకు మొదట ఏడుపొచ్చింది. తర్వాత అదే ఆమెకు ఆనవాలు అయింది. మొలకలు పచ్చగా ఉన్నంతకాలం లోపల తడి ఉన్నట్టు, వాడిన చోట ఆరినట్టు. రోజూ చేతి వెనక వైపు గోడకు ఆనించి చూసేది. ఆగస్టులో పై భాగం వాడింది. సెప్టెంబరు చివరికి నడుం దాకా ఎండింది. కింద మాత్రం ఇంకా పచ్చగానే ఉంది.

బృందం రావడానికి పది రోజుల ముందు క్లైవ్ ఒక డబ్బా తెల్ల పెయింటు, రెండు రోలర్లు తెచ్చి గుమ్మంలో పెట్టాడు. గోడ బాగా వచ్చిందని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు అబద్ధం కాదు. తర్వాత, వారాంతంలో పెయింటు వేసేయమన్నాడు.

"ఇంకా ఆరలేదు," అంది ఉదయశ్రీ. "ఈ పెయింటు వేస్తే తడి లోపలే ఉండిపోతుంది. కింద మళ్లీ జారుతుంది."

"ఎప్పుడు?"

"వచ్చే ఏడాదో, ఆ పైనో."

"వాళ్లు వచ్చేది వచ్చే ఏడాది కాదు. ప్రపంచానికి అవతలి నుంచి వస్తున్నారు. ఒక గోడ బురదతో, గడ్డి మొలకలతో ఉంటే మేము ఇన్నేళ్లూ ఇంటిని ఇలా చూసుకున్నామని అనుకోవాలా?"

ఆయన మాటలోనూ న్యాయం ఉంది. ఆ సంఘంలో వాళ్లు జీతాల్లేకుండా ముప్పై ఏళ్లుగా ఈ ఇంటి పైకప్పు కాపాడుకుంటూ వచ్చారు. ఉదయశ్రీ హిల్డా వైపు చూసింది. హిల్డా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"సున్నం ఎప్పుడు వేసేవారో నాకు గుర్తు లేదు," అంది. "తెలియనిది తెలుసని చెప్పను."

క్లైవ్ వెళ్తూ, లీజు సమావేశం బృందం వెళ్లిన మరుసటి మంగళవారమని గుర్తు చేశాడు.

రాత్రి భోజనాల దగ్గర భానుప్రసాద్ మెల్లగా మాట ఎత్తాడు.

"ఒక్క డబ్బా పెయింటే కదా. కొట్టేద్దాం. వాళ్లు వెళ్లాక గీకేద్దాం."

"గీకితే మట్టి కూడా వస్తుంది."

"వేయకపోతే ఇల్లు పోతుంది ఉదయా. దివ్యకు ఇది నాలుగో స్కూల్. మళ్లీ ఏజెంట్లు, మళ్లీ ఇన్‌స్పెక్షన్లు. నా వల్ల కాదు."

"నాకు మాత్రం పోవాలని ఉందా? వేస్తే గోడ పోతుందండీ. అది తెలిసి తెలిసి ఎలా వేస్తాను?"

"తెలుసని గ్యారంటీ ఏంటి? ఆ హిల్డా ఆంటీయే తెలియదంటోంది."

"అవును. అదే భయంగా ఉంది."

అతను పెరుగు గిన్నె ఆమె వైపు జరిపాడు. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. మర్నాడు పెయింటు డబ్బా కారులో పెట్టుకుపోయి క్లైవ్ ఇంటి ముందు దించి వచ్చాడు. ఆ పని ఆమె అడగలేదు.

అక్టోబరులో బృందం వచ్చింది. మేయరు పేరు ఉటె రైమన్. ఆమె వృత్తి పశువైద్యం, ఆరువందల మంది ఉన్న ఊళ్లో మేయరు పని సాయంత్రాల్లో చేసేది. చర్చి ముందు బ్యాండు మేళం వాయించారు. ఎండుద్రాక్ష వేసి, పైన పిండి పొడి చల్లి కాల్చిన కేకు పళ్లేల నిండా పెట్టారు. వాగు చూపించారు. అందులో ఇంకా నీళ్లున్నాయి. లిండెన్ చెట్లు ఏవని అడిగిన ఒక పెద్దాయన యూకలిప్టస్ బెరడు ఒలిచి జేబులో పెట్టుకున్నాడు. కొండ మీదికి తీసుకుపోయి ఊరు చూపించారు. వాళ్ల ఊళ్లో ఆ పీలికలు ఇప్పుడు లేవు. యుద్ధం తర్వాత పొలాలన్నీ కలిపి ఉమ్మడి సేద్యం కింద పెద్ద చెక్కలు చేశారు. తమ ఊరి పాత పటాన్ని వాళ్లు నేల మీద చూడటం అదే మొదలు.

నోస్కె ఇంటి దగ్గర క్లైవ్ వాళ్లను తూర్పు గుమ్మం ముందు నిలబెట్టి చరిత్ర చెప్పడం మొదలుపెట్టాడు. ఉత్తరం వైపు తిప్పి లోపలికి తీసుకుపోవాలని అతని ఉద్దేశం. మేయరు పశువుల డాక్టరు కాబట్టి కాబోలు, చెప్పేది వింటూనే చుట్టూ తిరిగి వెనక వైపు చూడటం ఆమెకు అలవాటు. దక్షిణానికి వెళ్లింది. అక్కడ ఉదయశ్రీ చీరకట్టులో, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. మట్టి రంగు గోడ. పైన ఎండిన మొలకలు, కింద పచ్చ మొలకలు.

మేయరు గోడ దగ్గరగా వచ్చి, అరచెయ్యి ఆనించింది.

"ఇది కొత్తదా?"

"మే నెలలో కట్టాను," అంది ఉదయశ్రీ. "పాతది నా వల్లే కూలిపోయింది. ఇంకా ఆరలేదు. అందుకే తెలుపు వేయలేదు."

"మీరు కట్టారా?"

క్లైవ్ వెనకే వచ్చి ఏదో సర్దిచెప్పబోయాడు. మేయరు వినలేదు. మీ గడ్డి ఏ పంటది అని అడిగింది.

"గోధుమ. మీ దగ్గర ఏది వేసేవారు?"

"రై ధాన్యం. మా ఇసుక నేలలో అదే పండుతుంది."

"రై గడ్డి ఇంకా పొడుగు కదా. దాంతో ఇంకా బాగా వస్తుంది."

మేయరు తలూపింది. తర్వాత చెప్పింది: వాళ్ల ఊరి చర్చి పుస్తకంలో ఇళ్లు కట్టిన మేస్త్రీల పేర్లన్నీ ఉన్నాయి. గోడ ఎలా కట్టారో మాత్రం ఎక్కడా లేదు. అందరికీ తెలిసిన పనిని ఎవరు రాస్తారు? తెలిసినవాళ్లు యుద్ధంలో పోయారు, లేదా ఊరు వదిలి పోయారు. ఒక పాత గాదె మిగిలితే, దాని గోడ పడినప్పుడు ఇటుకలు పేర్చారు. ఆ ఇటుక తడి పట్టి ఇప్పుడు చెక్క చట్రాన్ని తినేస్తోంది.

"ఎలా చేశారో చూపిస్తారా?"

గోడ ఆరే కొద్దీ వచ్చిన బీటలు పూడ్చడానికి నానబెట్టిన మట్టి కొంత పెరట్లో ఉంది. ఉదయశ్రీ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుంది. మేయరు బూట్లు, మేజోళ్లు విప్పి, పట్టుకోమని పక్కనున్న మనిషికి ఇచ్చింది. పక్కనున్నది క్లైవ్. అవి చేత్తో పట్టుకుని అతను చర్చి వైపు నుంచి వినిపిస్తున్న బ్యాండు మేళం రెండు పాటలు ముగించేదాకా అలాగే నిలబడ్డాడు. వచ్చినవాళ్లలో మరో ముగ్గురు మట్టిలో దిగారు. హిల్డా కుర్చీలోంచి చిన్నప్పటి జర్మన్‌లో వాళ్లను కసురుతోంది. ఆ యాస తమ అవ్వల కాలంలో విన్నదని వాళ్లలో పెద్దాయన అన్నాడు. తొక్కుడు సరిగ్గా లేదనే ఆవిడ కసురు.

మంగళవారం సమావేశం జరిగింది. బుధవారం పొద్దున్నే క్లైవ్ వచ్చి, గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఇల్లు మీదే. పదేళ్లు."

"థాంక్యూ క్లైవ్."

"నాకు చెప్పకు. నేను వద్దని ఓటు వేశాను. వేయమన్న పెయింటు వేయలేదు కదా. ఓడిపోయాను." టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "బడి వెనకాల కట్టెల కొట్టం ఒకటుంది. దాని గోడ కూడా మట్టిదే, ఊడిపోతోంది. శనివారం ఖాళీయేనా?"

ఖాళీయేనంది. ఆ కొట్టం అయ్యాక పక్క ఊళ్లో మాంసానికి పొగబెట్టే పొగగది ఒకటి, దాని తర్వాత ఇంకొకటి. ఇప్పుడు లిండెన్‌బాక్ చుట్టుపక్కల మట్టిగోడ బీట తీస్తే ఆమెకు ఫోన్ వస్తుంది. వారంలో అయిదు రోజులు జీతాల లెక్కలు, శనివారం మట్టి. పాత లిండెన్‌బాక్‌లో గాదె గోడ ఇటుకలు తీసేశారు. మేయరు రై గడ్డి అల్లిన కర్రల ఫోటోలు పంపుతుంటుంది. అల్లిక బిగువైందని ఉదయశ్రీ జవాబిస్తుంది.

గోడ పూర్తిగా ఆరింది డిసెంబరులో. నడివేసవిలో పొద్దున, సాయంత్రం మాత్రం సూర్యుడు కాస్త దక్షిణానికి జరిగి ఆ గోడ మీద పడతాడు. చివరి మొలక కూడా పసుపెక్కి రాలాక, ఒక శనివారం ఎండ పక్కకు తప్పుకున్నాక, ఉదయశ్రీ సున్నం కలిపి మొదటి పూత వేసింది. కుంచె పోయిన చోటల్లా గోడ తెల్లబడకపోగా ఇంకా ముదురు రంగుకు తిరిగింది. పాలు విరిగి నీళ్లయినట్టుంది సున్నం. పలచన చేశానేమోనని బకెట్‌లోకి చూసింది. గోడ కింది నుంచి పైదాకా ముగించి, చేతులు కడుక్కుని, లోపలికి పోయి అన్నం వండింది. తిని బయటికి వచ్చేసరికి, నీడలోనే, గోడ పై మూల నుంచి తెల్లబడుతూ కిందికి వస్తోంది. కాసేపు నిలబడి చూసి, రెండో పూతకు సున్నం కలపడం మొదలుపెట్టింది.